కాలువ గట్టున సన్నాయి

కాలువ ఒడ్డున ఉన్న పెదరేవు అనే చిన్న ఊళ్లో సింగరయ్య అనే సన్నాయి విద్వాంసుడు ఉండేవాడు. ఆయన వేళ్లలో ఎంత సంగీతం ఉండేదో, నాలుకలో అంత చాపల్యం ఉండేది.

సింగరయ్య సన్నాయి అందుకుంటే గాలి కూడా మెల్లగా నడిచేదని ఊరివాళ్లు చెప్పుకునేవారు. తెల్లవారుజామున ఆయన తన పెరట్లో కూర్చుని భూపాలం ఊదుతుంటే కాలువ మీది మంచు పొరలు పొరలుగా లేచేది. పడవ తాడు విప్పబోయినవాడు చెయ్యి తాడు మీదే ఉంచి నిలబడిపోయేవాడు. పెళ్లిలో కల్యాణి రాగం ఎత్తుకుంటే, పందిట్లో ఏడుస్తున్న పసిబిడ్డలు ఏడుపు మాని, ఎవరో పిలిచినట్టు అటు తిరిగి చూసేవారు. ఆయన పక్కన మౌలాలి డోలు వాయించేవాడు. ఇద్దరిదీ ఇరవై రెండేళ్ల జోడీ. మౌలాలి ఆయన్ని 'అన్నా' అనేవాడు. ఆయన మౌలాలిని 'తమ్ముడూ' అనేవాడు. ఆ పిలుపులు ఎప్పుడు మొదలయ్యాయో ఇద్దరికీ గుర్తులేదు.

పెళ్లి అంటే వాళ్లకు ముందు సంగీతం, తర్వాత భోజనం. ముహూర్తం దాటి, తలంబ్రాలు అయ్యాక మేళగాళ్లకు విస్తరి వేసేవారు. సింగరయ్య విస్తరి ముందు కూర్చుంటే వడ్డించేవాళ్లకు హుషారు పుట్టేది. పులిహోర రెండుసార్లు, బొబ్బట్లు నాలుగు, వాటి మీద గరిటెతో నెయ్యి, ఆ పైన లడ్డూలు. "ఊదేవాడికి ఒంట్లో సరుకుండాలి. ఇది బొజ్జ కాదు, ఊపిరి దాచుకునే గాదె" అని ఆయన పొట్ట నిమురుకునేవాడు. అందరూ నవ్వేవారు. ఆ తర్వాత జర్దా కిళ్లీ. కిళ్లీ తర్వాత విడిదింట్లో చాప మీద నిద్ర. ఆ మధ్యాహ్నపు నిద్రలో పందిట్లోని మాటలు, గిన్నెల చప్పుడు, ఆడపిల్లల గాజులు అన్నీ నీళ్లలోంచి వినపడుతున్నట్టు దూరంగా, తియ్యగా వినిపించేవి. లోకంలో ఇంతకంటే సుఖం ఉండదని ఆయన అనుకునేవాడు.

పెళ్లిళ్లు లేని నెలల్లో కూడా ఆ అలవాటు పోలేదు. పొద్దున్నే పూరీలు, సాయంత్రం మిరపకాయ బజ్జీలు, మధ్యలో ఎవరి కొట్టు అరుగు మీదో కబుర్లు. అక్కడికి వెళ్లడానికి కూడా రిక్షా ఎక్కేవాడు. ఆయన భార్య తాయారమ్మ ఒకటి రెండుసార్లు చెప్పి చూసింది. తినే మనిషిని తిననివ్వకపోతే ఇల్లు కలిసిరాదని ఆయన పెద్ద సామెతలా చెప్పేసరికి ఆమె ఊరుకుంది.

ఆయనకు నలభై ఎనిమిదో ఏడు వచ్చింది. ఆ మాఘమాసంలో, పక్క ఊరి పెళ్లిలో ఒక చిన్న సంగతి జరిగింది. పురోహితుడు గట్టిమేళం అన్నాడు. సింగరయ్య గట్టిగా ఊదాడు. ఎప్పుడూ ఆకాశం అంటేట్టు లేచే స్వరం ఆ రోజు సగం దూరం వెళ్లి వణికింది. ఊపిరి చాల్లేదు. కళ్ల ముందు మసక కమ్మింది. అదే క్షణంలో మౌలాలి డోలు హోరెత్తింది. ఆ హోరులో సన్నాయి ఆగిన సంగతి ఎవరికీ తెలియలేదు. పెళ్లికొడుకు మూడు ముళ్లూ వేశాడు. అక్షింతలు రాలాయి.

తర్వాత సింగరయ్య ఏమీ అనలేదు. మౌలాలీ ఏమీ అడగలేదు. అయితే ఆనాటి నుంచి ప్రతి పెళ్లిలోనూ గట్టిమేళం దగ్గర మౌలాలి ఒక కన్ను సింగరయ్య బుగ్గల మీద వేసి ఉంచేవాడు. అవి తగ్గుతున్నాయని తోచగానే డోలు పెంచేవాడు.

కొన్నాళ్లకు ఊరి గ్రంథాలయంలో వైద్య శిబిరం పెట్టారు. అందరితో పాటు వీళ్లిద్దరూ వెళ్లారు. అక్కడ నిరుపమ అనే డాక్టరమ్మ ఉంది. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆమె రక్తం తీయించింది, రక్తపోటు చూసింది, దర్జీవాడి టేపు లాంటి టేపుతో ఇద్దరి నడుమూ కొలిచింది. నడుము కొలవడం చూసి, తమకు కొత్త చొక్కాలు కుట్టిస్తారా అని సింగరయ్య హాస్యమాడాడు. ఆమె నవ్వింది గానీ కాగితం మీద అంకెలు రాయడం ఆపలేదు.

వారం తర్వాత ఫలితాలు వచ్చాయి. ఇద్దరివీ ఒకే మోస్తరుగా ఉన్నాయి. రక్తంలో చక్కెర మధుమేహం గీత దాటబోతోంది. రక్తపోటు ఎక్కువ. రక్తంలో కొవ్వు ఎక్కువ. నడుము కొలతలు అసలు ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువ. డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది.

"గుండె జబ్బు పిడుగులా ఒక్కరోజు పడదండీ. ఏళ్ల తరబడి నడుము దగ్గర, రక్తంలో, నిద్రలో, నోట్లోని జర్దాలో మెల్లగా తయారవుతుంది. మీ ఇద్దరికీ ఇంకా రాలేదు. రాకుండా ఆపుకునే సమయం ఇదే."

ఆమె ఇద్దరికీ రక్తపోటు మాత్ర రాసింది. అన్నం సగం చేసి కూర, పప్పు పెంచమంది. తీపి పండగలకు మాత్రమే అంది. రోజూ ముప్పావు గంట నడవమంది. జర్దా పూర్తిగా మానెయ్యమంది. మూడు నెలలకు మళ్లీ రమ్మంది.

మౌలాలి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. మర్నాటి నుంచి కాలువ గట్టు మీద నడక మొదలుపెట్టాడు. కిళ్లీ మానేశాడు. పెళ్లిలో విస్తరి ముందు కూర్చుని, లడ్డూ వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

అది సింగరయ్యకు నచ్చలేదు. ఇరవై రెండేళ్లుగా పక్కన కూర్చుని తిన్నవాడు ఇప్పుడు తినకపోతే తన విస్తరి కూడా వెలవెలబోయినట్టు అనిపించింది. ఆయన తన లడ్డూ తీసి మౌలాలి విస్తట్లో పెట్టాడు. డాక్టరమ్మ కాగితాలు పట్టణం వాళ్లకేననీ, డోలు మోసేవాడికి కాదనీ అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మౌలాలి మొహమాటస్తుడు. అన్న మాట కాదనలేక తిన్నాడు. రెండో పెళ్లిలోనూ అదే జరిగింది. మూడో పెళ్లి నాటికి చెయ్యి అడ్డం పెట్టడం మానేశాడు. నడక కూడా ఒకరోజు వానకు ఆగి, మళ్లీ మొదలవలేదు. సింగరయ్య స్వయంగా కిళ్లీ కట్టించి తెచ్చి ఇచ్చాడు. మూడు నెలలైంది. ఇద్దరూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లలేదు. మాత్రలు అయిపోతే కొనలేదు.

మరుసటి వైశాఖంలో ఒక పెళ్లి. పగటి ముహూర్తం. భోజనాలయ్యాక విడిదింట్లో చాపలు పరిచారు. బయట ఎండ తెల్లగా, కదలకుండా ఉంది. సింగరయ్య కళ్లు మూతలు పడుతున్నాయి. మౌలాలి మాత్రం పడుకోలేదు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుగా ఉందనీ, ఎడమ చెయ్యి లాగుతోందనీ చెప్పాడు.

సింగరయ్య కళ్లు తెరవకుండానే అది బొబ్బట్ల వాయువు అన్నాడు. గోళీసోడా తాగితే పోతుందన్నాడు. మౌలాలి సోడా తాగాడు. సింగరయ్య నిద్రలోకి జారుకున్నాడు.

ఆ నిద్రలో ఆయనకు ఒక కల వచ్చింది. పెద్ద ఊరేగింపు. వీధి పొడుగునా దీపాలు, ముత్యాల్లాంటి వాన తుంపర. తాను సన్నాయి ఊదుతూ ముందు నడుస్తున్నాడు. ఎంత ఊదినా ఊపిరి తరగడం లేదు. స్వరం మీద స్వరం పూల దండలా కట్టుకుంటూ పోతున్నాడు. వీధి మలుపు తిరిగాక ఏదో వెలితి తోచింది. తాళం వినపడటం లేదు. వెనక్కి తిరిగి చూశాడు. ఊరేగింపు అంతా ఉంది, జనం ఉన్నారు, దీపాలు ఉన్నాయి. మౌలాలి ఉండవలసిన చోట మాత్రం ఎవరూ లేరు.

ఆయన ఉలిక్కిపడి లేచాడు. రెండు గంటలు గడిచాయి. మౌలాలి పక్కకు ఒరిగి ఉన్నాడు. ముఖం బూడిద రంగుకు తిరిగింది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ మాట రావడం లేదు.

పెళ్లివారు కారు తెచ్చారు. పట్టణంలోని ఆసుపత్రికి చేరేసరికి ఎండ పల్చబడింది. లోపలికి తీసుకెళ్లారు. సింగరయ్య బయట బల్ల మీద కూర్చున్నాడు. ఒడిలో డోలు ఉంది. దాన్ని కారులో ఎవరు పెట్టారో ఆయనకు తెలియదు. చాలాసేపటికి ఒక డాక్టరు బయటికి వచ్చి చెప్పాడు. ప్రాణం దక్కింది. కానీ ఆలస్యం కావడంతో గుండెలో కొంత భాగం దెబ్బతింది. నొప్పి మొదలైన వెంటనే తెచ్చి ఉంటే అంత నష్టం జరిగేది కాదు. ఇక ఈయన బరువులు ఎత్తకూడదు, అలిసిపోకూడదు.

సింగరయ్య తల ఊపాడు. ఆయన చెవిలో ఒక్క మాటే తిరుగుతోంది. గోళీసోడా.

నాలుగో రోజున లోపలికి వెళ్లనిచ్చారు. మౌలాలి మంచం మీద చిన్నగా అయిపోయినట్టు కనిపించాడు. అతని భార్య ఫాతిమాబీ పక్కన స్టూలు మీద కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. సింగరయ్యను చూసి ఆమె లేచి స్టూలు ఇచ్చింది. ఒక్క నిష్ఠూరపు మాట అనలేదు. అదే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది.

"తమ్ముడూ, నువ్వు దారి పట్టావు. నేను లాగేశాను" అన్నాడు సింగరయ్య.

మౌలాలి కిటికీ వంక చూశాడు. బయట ఏదో చెట్టు కొమ్మ మెల్లగా ఊగుతోంది. ఆ కొమ్మనే చూస్తూ అన్నాడు.

"తిన్న చెయ్యి నాదే కదన్నా. దాని సంగతి వదిలెయ్. గట్టిమేళం దగ్గర నీ ఊపిరి ఆగినప్పుడల్లా నేను డోలుతో కప్పాను. ఎవరికీ తెలియనివ్వలేదు. కప్పకుండా ఉండాల్సింది. నలుగురిలో ఒక్కసారి ఆగిపోయి ఉంటే నువ్వు అప్పుడే భయపడేవాడివి. ఇక కప్పడానికి నేను పక్కన ఉండను. నీ ఊపిరి నువ్వే చూసుకో."

సింగరయ్య మౌలాలి అరికాలి మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నాడు.

ఆ మర్నాడే ఆయన ఒక్కడూ నిరుపమ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. హాస్యాలు ఆడలేదు. ఆమె మళ్లీ పరీక్షలు చేయించింది. అంకెలు ఇంకా పెరిగాయి. చక్కెర గీత దాటింది. గుండె పరీక్ష కూడా చేయించి, ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. గుండె ఇంకా బాగానే ఉందని చెప్పింది. ఇది అదృష్టమా అని ఆయన అడిగాడు. అదృష్టమేననీ, అయితే అది గడువు ఉన్న అదృష్టమనీ ఆమె అంది.

కాలువ గట్టు మీద మొదటి రోజు నడక ఆయనకు బాగా గుర్తుండిపోయింది. చీకటి ఇంకా పూర్తిగా విడలేదు. నీళ్లూ ఆకాశమూ ఒకే రంగులో ఉన్నాయి. తన పెరడు నుంచి, కాలువ నీటిని ఆపి వదిలే లాకుల దాకా అరమైలు ఉంటుంది. అందులో సగం నడిచేసరికి రొప్పు వచ్చింది. ఒక మైలురాయి మీద కూలబడ్డాడు. ఇన్నేళ్లూ ఊపిరి గాదె అనుకున్న పొట్ట, మోకాళ్ల మీద బస్తాలా కూర్చుంది. తన పాటతో ఈ గట్టు మీది మంచును లేపినవాడు, అదే గట్టు మీద అరమైలు నడవలేకపోయాడు. సిగ్గుతో ఆయనకు నవ్వు వచ్చింది. ఆ తర్వాత కళ్లలో నీళ్లు వచ్చాయి. చుట్టూ ఎవరూ లేరు. ఒక కొంగ మాత్రం నీళ్లలో ఒంటికాలి మీద నిలబడి ఉంది.

మర్నాడు మైలురాయి దాటాడు. పన్నెండో రోజున లాకులు అందాయి.

ఇంట్లో తాయారమ్మ ఇప్పుడు సంతోషంగా గిన్నెలు మార్చింది. అన్నం ఒక గిన్నెడే వండింది. తోటకూర పప్పు, గోంగూర, చిక్కుడుకాయ కూర ఎక్కువగా వండింది. పొద్దున పూరీలకు బదులు పెసరట్టు, సాయంత్రం బజ్జీలకు బదులు ఉడికించిన శనగలు పెట్టింది. తీపి పెట్టలేదు. మొదటి రెండు వారాలు ఆయన విస్తరాకు వాసన తగిలినా తల్లడిల్లిపోయేవాడు. అయినా తిండి కంటే జర్దా ఎక్కువ కష్టపెట్టింది. నోరు ఊరికే ఉండేది కాదు. కోపం వచ్చేది. లవంగం నములుతూ పెరట్లో అటూ ఇటూ తిరిగేవాడు. వేళ్లు వణుకుతుంటే సన్నాయి చేతిలోకి తీసుకుని, ఊదకుండా ఊరికే రంధ్రాల మీద వేళ్లు ఆడించేవాడు.

అంతా సాఫీగా సాగలేదు. రెండో నెలలో ఒక పెళ్లికి వెళ్లాడు. కొత్త డోలు వాయిద్యగాడు పక్కన ఉన్నాడు. విస్తట్లో బొబ్బట్టు పడింది. ఒక్కటి తిందామనుకుని ఆరు తిన్నాడు. సాయంత్రం ఇంటికి వచ్చి, ఇక తన వల్ల కాదని తాయారమ్మతో అన్నాడు. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. ఒక రోజు అపస్వరం పడితే సన్నాయి కాలువలో పారేస్తారా అని అడిగింది. ఆయన తెల్లవారగానే లేచి నడకకు వెళ్లాడు.

ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. నడుము నాలుగు అంగుళాలు తగ్గింది. రక్తపోటు మాత్ర వేసుకుంటూనే ఉన్నాడు. అది అదుపులోకి వచ్చింది. చక్కెర మళ్లీ గీత ఇవతలికి వచ్చింది. గురక తగ్గి, నిద్రలో లోతు పెరిగింది. ఒక పొద్దున పెరట్లో భూపాలం ఊదుతూ ఒక స్వరం దగ్గర ఊరికే నిలిచాడు. అది నిలిచింది. ఇంకా నిలిచింది. కాలువ మీదుగా, అవతలి ఒడ్డు తాటిచెట్ల దాకా వెళ్లి, మంచులో కలిసిపోయే దాకా నిలిచింది. సన్నాయి దించాక తన గుండె నెమ్మదిగా, తొందర లేకుండా కొట్టుకోవడం ఆయన విన్నాడు.

ఆ రోజుల్లోనే మౌలాలి మెల్లగా బయట తిరగడం మొదలుపెట్టాడు. సింగరయ్య రోజూ అతని ఇంటికి వెళ్లి తనతో నడకకు తీసుకువచ్చేవాడు. మౌలాలి అడుగులు చిన్నవి. సింగరయ్య తన అడుగులు కూడా చిన్నవి చేసుకునేవాడు. దారిలో ఎవరైనా ఆగి, ఏమిటీ కొత్త అలవాటు అని అడిగితే, సింగరయ్య వాళ్ల నడుం వంక చూసి, మీరూ రండి అనేవాడు. కొందరు నవ్వి వెళ్లిపోయేవారు. కొందరు నిజంగానే వచ్చేవారు. కొట్టు అరుగు మీది కబుర్లన్నీ కొద్దికొద్దిగా కాలువ గట్టుకు తరలివచ్చాయి.

మూడేళ్లు గడిచాయి. నిరుపమ డాక్టరమ్మ సింగరయ్య గుండెను మళ్లీ పరీక్షించి, ఎక్కడా ఏ దోషమూ లేదని చెప్పింది. చెప్పుకోవడానికి విశేషం ఏమీ లేదు కదా అని ఆయన అన్నాడు. ఆమె కాగితం మడిచి ఆయన చేతిలో పెట్టింది.

"విశేషం లేకపోవడమే మీరు మూడేళ్లు కష్టపడి సంపాదించుకున్నది" అంది.

ఆ మర్నాటి తెల్లవారుజామున మౌలాలి ఒక మాట చెప్పాడు. పది నిమిషాలు డోలు వాయించుకోవచ్చని ఆసుపత్రి డాక్టరు ఒప్పుకున్నాడట. అంతకు మించి వద్దన్నాడట. సింగరయ్య వెళ్లి డోలు తానే మోసుకు వచ్చాడు. లాకుల దగ్గర రాతి చప్టా మీద ఇద్దరూ కూర్చున్నారు. పెళ్లి లేదు, పందిరి లేదు. నీళ్ల మీద మంచు, అవతలి ఒడ్డున మసకగా చెట్లు.

సింగరయ్య మోహన రాగం ఎత్తుకున్నాడు. మౌలాలి కాసేపు చెయ్యి డోలు మీద ఉంచి ఊరికే విన్నాడు. తర్వాత మొదటి దెబ్బ వేశాడు. గడ్డికి పోతున్న ఆడవాళ్లు నిలబడిపోయారు. ఒక పడవవాడు గడ ఎత్తి పట్టుకుని, పడవను నీటి పాటుకే వదిలేశాడు. రాగం పైకి లేచింది. ఎక్కడా వణకలేదు. మౌలాలి అలవాటు కొద్దీ సింగరయ్య బుగ్గల వంక చూశాడు. అవి నిండుగా ఉన్నాయి. అతను కళ్లు మూసుకుని హాయిగా వాయించాడు.

పది నిమిషాలైంది. మౌలాలి చేతులు తీసేశాడు. రాగం ఇంకా సగంలోనే ఉంది. అతని చేతులకు ఇంకా వాయించాలనే ఉంది. గుండె మాత్రం అంతే అంది.

"నువ్వు కానియ్ అన్నా. నేను వింటాను" అన్నాడు.

సింగరయ్య ఊదాడు. మిగతా సగం తాళం లేకుండానే, ఒంటరిగా కాలువ మీద సాగిపోయింది. ఆయన ఊపిరి ఆఖరి స్వరం దాకా నిలిచింది. ఆయన కళ్ల నుంచి నీళ్లు మాత్రం ఆగలేదు. తన దగ్గర నిండుగా ఉన్న సత్తువ తమ్ముడి దగ్గర పది నిమిషాలే ఎందుకు మిగిలిందో ఆయనకు తెలుసు. సూర్యుడు పైకి వచ్చాక డోలు భుజానికి తగిలించుకుని, మౌలాలి చెయ్యి పట్టుకుని, చిన్న చిన్న అడుగులతో ఆయన ఇంటిదారి పట్టాడు.

నీతి: దెబ్బతిన్న గుండెను బాగుచేసుకోవడం కంటే, దెబ్బ తగలకముందే మితంగా తిని, రోజూ నడిచి, చెడ్డ అలవాట్లు మాని దాన్ని కాపాడుకోవడం మేలు; మనవాళ్లు ఆ దారి పట్టినప్పుడు ప్రేమ పేరుతో వెనక్కి లాగకుండా, వాళ్లతో కలిసి నడవాలి.